సీఎన్‌సీ ప్లాస్మా టేబుల్‌పై టార్చ్ ఎత్తు సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

టార్చ్ ప్లేటును రాసుకుంటూ పోతుంది. లేదా కోత సగంలో ఉండగా పైకి లేచిపోయి ఆర్క్ ఆరిపోతుంది. లేదా సూటి గీతంతా చక్కగా కోసి, మూల రాగానే ముక్కు గుచ్చుకుంటుంది. ప్లాస్మా టేబుల్ (కంప్యూటర్ చెప్పిన దారిలో టార్చ్‌ని నడిపి, విద్యుత్ ఆర్క్ వేడితో లోహపు ప్లేటును కోసే యంత్రం) నడిపే ప్రతివాళ్లకూ ఇందులో ఒకటైనా ఎదురయ్యే ఉంటుంది. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. వరసగా చదవక్కర్లేదు గానీ మొదటి రెండూ మాత్రం వదలకండి. మిగతావన్నీ వాటి మీదే నిలబడ్డాయి.

ఎత్తు కుదరడం లేదు. వెతకడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

సెట్టింగుల పేజీ తెరవకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ఎత్తు మొదటి నుంచే తప్పుగా ఉందా, లేక మొదట్లో బాగానే ఉండి కోత నడుస్తుండగా తప్పుతోందా? ఇవి రెండు వేర్వేరు రోగాలు. మొదటిది ప్రోబింగ్‌కు సంబంధించినది, అంటే టార్చ్ కిందికి దిగి ప్లేటు ఎక్కడుందో వెతుక్కునే పని. రెండోది టీహెచ్‌సీకి (టార్చ్ హైట్ కంట్రోల్) సంబంధించినది, అంటే కోస్తున్నంతసేపూ ఆర్క్ వోల్టేజ్ చూసి టార్చ్‌ని పైకీ కిందికీ జరిపే పని. చాలామంది మొదటి రోగానికి రెండోదాని మందు వేస్తారు. వోల్టేజ్ పెంచుతారు, తగ్గిస్తారు, మళ్లీ పెంచుతారు. రోజు గడిచిపోతుంది.

తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. టీహెచ్‌సీని పూర్తిగా ఆపేయండి. వంపు లేని 5 లేదా 6 మి.మీ. ప్లేటు తీసుకుని 200 మి.మీ. పొడవున ఒక సూటి గీత కోయండి. కోత శుభ్రంగా వస్తే ప్రోబింగ్ బాగానే ఉంది, తప్పు టీహెచ్‌సీ వైపు ఉంది. శుభ్రంగా రాకపోతే ప్రోబింగ్, వేగం, గాలి, కన్స్యూమబుల్స్ (టార్చ్ మూతిలో అరిగిపోయే ఎలక్ట్రోడ్, నాజిల్, షీల్డ్) వీటి సంగతి చూడాలి. టీహెచ్‌సీ జోలికి అప్పుడే వెళ్లొద్దు. తర్వాత అదే గీతను టీహెచ్‌సీ పెట్టి కోయండి. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం సమాధానం చేతిలో ఉన్నట్టే.

టీహెచ్‌సీ ఎత్తును ఎలా కొలుస్తుంది?

కొలవదు. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

టీహెచ్‌సీకి తెలిసింది ఒక్క వోల్టేజే. ఎలక్ట్రోడ్‌కూ ప్లేటుకూ మధ్య ఆర్క్ ఎంత పొడవుగా ఉంటే వోల్టేజ్ అంత ఎక్కువగా ఉంటుంది. టార్చ్ పైకి పోతే ఆర్క్ సాగుతుంది, వోల్టేజ్ పెరుగుతుంది. టార్చ్ దిగితే వోల్టేజ్ తగ్గుతుంది. మీరు 120 వోల్టులు అని పెడితే, రీడింగ్ 125 చూపించినప్పుడు అది టార్చ్‌ని దించుతుంది, 115 చూపించినప్పుడు ఎత్తుతుంది. ఉజ్జాయింపుగా 5 వోల్టుల తేడా అర మిల్లీమీటరు ఎత్తుతో సమానం. అంటే ఒక వోల్టుకు 0.1 మి.మీ.

అయితే వోల్టేజ్ పెరగడానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. వేగం తగ్గినా పెరుగుతుంది. ఎలక్ట్రోడ్ అరిగినా పెరుగుతుంది. ఎర్త్ క్లాంప్ సరిగ్గా పట్టకపోయినా, టార్చ్ ఖాళీ మీదుగా వెళ్లినా పెరుగుతుంది. ఏ కారణంతో పెరిగినా టీహెచ్‌సీ చేసే పని ఒక్కటే: టార్చ్‌ని దించడం. అందుకే “టీహెచ్‌సీ పిచ్చిగా చేస్తోంది” అన్న ఫిర్యాదుల్లో చాలావాటిలో అది తన పని తాను బుద్ధిగానే చేస్తుంటుంది. తప్పుడు మాట విని సరైన పని చేస్తోందన్నమాట.

పియర్స్ ఎత్తు, కట్ ఎత్తు వేర్వేరుగా ఎందుకు?

పియర్సింగ్ అప్పుడు, అంటే కోత మొదలుపెట్టడానికి ప్లేటుకు రంధ్రం పొడిచేటప్పుడు, కరిగిన లోహానికి కింద దారి ఉండదు కాబట్టి అది పైకే ఎగురుతుంది. టార్చ్ దగ్గరగా ఉంటే ఆ చిందులన్నీ షీల్డ్ మీద, నాజిల్ రంధ్రంలో అతుక్కుంటాయి. అందుకే పియర్స్ ఎత్తు సాధారణంగా కట్ ఎత్తుకు (కోసేటప్పటి ఎత్తుకు) ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు ఉంటుంది. ఉదాహరణకు హైపర్‌థెర్మ్ పవర్‌మాక్స్ 45 షీల్డ్ ఉన్న కన్స్యూమబుల్స్‌తో కట్ ఎత్తు 1.5 మి.మీ., పియర్స్ ఎత్తు 3.8 మి.మీ. మీ యంత్రం వేరేదైతే దాని కట్ చార్ట్‌లో (తయారీదారు ఇచ్చే సెట్టింగుల పట్టికలో) ఉన్న అంకెలే వాడండి, పక్కవాళ్ల అంకెలు వద్దు.

మరీ ఎత్తున పియర్స్ చేస్తే పైలట్ ఆర్క్ (మొదట టార్చ్‌లోనే రాజుకునే చిన్న ఆర్క్) ప్లేటును అందుకోలేదు. నిప్పు కనిపిస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది. దీన్ని చాలామంది ప్లాస్మా యంత్రం పాడైందనుకుంటారు.

ఇంకో చిక్కుంది. మందం ప్లేటులో పియర్స్ చేసినప్పుడు రంధ్రం చుట్టూ కరిగిన లోహం చిన్న గుట్టలా పేరుకుంటుంది. టార్చ్ వెంటనే కట్ ఎత్తుకు దిగితే ఆ గుట్టకు తగులుతుంది. కాస్త దూరం పై ఎత్తులోనే జరిగి, గుట్ట దాటాక దిగేలా చేసే సదుపాయం కొన్ని కంట్రోలర్లలో ఉంటుంది. లైనక్స్‌సీఎన్‌సీ వాళ్ల క్యూటీప్లాస్మాసీ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో దాని పేరు పడుల్ జంప్. మీ దాంట్లో అలాంటిది లేకపోతే లీడ్-ఇన్ (పియర్స్ నుంచి అసలు గీత దాకా వచ్చే దారి) పొడవు పెంచండి, కనీసం పియర్స్ గుట్ట అసలు కోత గీత మీద పడకుండా ఉంటుంది.

టార్చ్ దిగి ప్లేటును నొక్కేస్తోంది, ఆగడం లేదు. ఎందుకు?

ప్రోబింగ్ సిగ్నల్ రావడం లేదు. మీ టేబుల్‌లో ఏ పద్ధతి ఉందో దాన్నిబట్టి వెతకాలి.

ఓమిక్ పద్ధతిలో షీల్డ్ ప్లేటును తాకగానే చిన్న వోల్టేజ్ సర్క్యూట్ కలుస్తుంది. ఆ కలయికకు అడ్డుపడేవి చాలా ఉన్నాయి: తుప్పు, పెయింటు, ప్లేటు మీద నల్లటి మిల్ స్కేలు, స్టెయిన్‌లెస్ షీట్ మీద ప్లాస్టిక్ పొర, షీల్డ్ మూతికి అంటిన చిందులు. మొదట టార్చ్‌కి బిగించిన ఓమిక్ వైరు క్లిప్ చూడండి. వేడికీ చిందులకూ మొదట పోయేది అదే. తర్వాత ఒక స్పానర్‌తో షీల్డ్‌నీ శుభ్రమైన ప్లేటు అంచునీ కలిపి, స్క్రీన్ మీద ఇన్‌పుట్ లైటు వెలుగుతుందో లేదో చూడండి. ఈ పరీక్షకు ముందు ప్లాస్మా పవర్ ఆపి ఉండాలి, కంట్రోలర్ ఒక్కటే ఆన్‌లో ఉండాలి. లైటు వెలిగితే వైరింగ్ బాగుంది, ప్లేటు పైభాగమే అడ్డు. వెలగకపోతే వైరు, రిలే, ఎర్త్ వైపు వెతకండి.

ఫ్లోటింగ్ హెడ్ పద్ధతిలో టార్చ్ ప్లేటును తాకాక హోల్డర్ కాస్త పైకి జరిగి మైక్రోస్విచ్‌ని నొక్కుతుంది. ఇక్కడ శత్రువు దుమ్ము. కోత నుంచి లేచే నల్లటి మెత్తటి పొడి స్లైడ్‌లో చేరి హోల్డర్‌ని బిగుసుకుపోయేలా చేస్తుంది. చేత్తో పైకి ఎత్తి వదిలితే హోల్డర్ తన బరువుకు తాను జారి దిగాలి. దిగకపోతే తుడవండి. నూనె పూయడం మంచి ఆలోచనలా అనిపిస్తుంది గానీ, ఆ పొడి నూనెతో కలిస్తే గ్రైండింగ్ పేస్టు లాంటిదే తయారవుతుంది.

రెండు పద్ధతులూ ఉన్న టేబుల్ అయితే మంచిది. ఓమిక్ తప్పితే స్విచ్ కాపాడుతుంది.

ప్లేటును తాకకుండానే గాల్లో ఆగిపోయి, అక్కడే ఫైర్ చేస్తోంది. ఎందుకు?

ఇది పై సమస్యకు తలకిందులు: రాకూడని చోట సిగ్నల్ వస్తోంది. నీళ్ల టేబుల్‌లో ఎక్కువగా చూస్తాం. షీల్డ్‌కి నీళ్లు అంటుకుని చుక్క వేలాడుతుంటే, ఆ చుక్క ప్లేటు మీది నీటిని తాకగానే ఓమిక్ సర్క్యూట్ “తగిలింది” అనుకుంటుంది. నీటి మట్టం కాస్త తగ్గించండి. ప్రోబింగ్ ముందు కొద్దిసేపు గాలి ఊదేలా పెట్టే వీలుంటే అదీ చేయండి. ఆ ఊదుడుకు షీల్డ్ ఆరుతుంది.

నీళ్లు లేని టేబుల్‌లో ఇలా జరిగితే, షీల్డ్‌కీ నాజిల్‌కీ మధ్య చిందులు ఇరుక్కుని రెండూ కలిసిపోయాయేమో విప్పి చూడండి. ఫ్లోటింగ్ హెడ్ అయితే దిగే వేగం ఎక్కువై, ఆ కుదుపుకే స్విచ్ పడుతుండవచ్చు. ప్రోబ్ వేగం సగానికి తగ్గించి చూడండి. హోస్, కేబుల్ బిగువుగా ఉండి టార్చ్‌ని పైకి లాగుతున్నా ఇదే జరుగుతుంది.

నీళ్ల టేబుల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఎత్తుతో సంబంధం లేని ఒక హెచ్చరిక. నీళ్ల మీద అల్యూమినియం కోస్తే హైడ్రోజన్ పుడుతుంది. అది ప్లేటు కింద పోగైతే పేలుతుంది. కింద గాలి ఆడే ఏర్పాటు లేకుండా, అడుగున పాత అల్యూమినియం పొడి పేరుకుపోయి ఉండగా ఆ పని చేయొద్దు.

పల్చటి షీట్ మీద కొన్ని పియర్స్‌లు బాగుంటాయి, కొన్ని మరీ దగ్గరవుతాయి. తేడా ఎందుకు?

షీట్ వంగుతోంది. రెండు స్లాట్ల (ప్లేటును కింద నుంచి మోసే పట్టీల) మధ్య ఆధారం లేని చోట టార్చ్ తాకగానే 1 మి.మీ. షీట్ కిందికి కుంగుతుంది. స్విచ్ పడేసరికి అది రెండు మూడు మిల్లీమీటర్లు దిగి ఉంటుంది. కంట్రోలర్ ఆ చోటునే సున్నా అనుకుని, అక్కణ్నుంచి పియర్స్ ఎత్తు లెక్క వేసి లేస్తుంది. షీట్ కూడా వెనక్కి లేస్తుంది. ఇంకేముంది, అనుకున్న ఎత్తు మిగలదు. స్లాట్ పైన ఆధారం ఉన్న చోట మాత్రం అంతా సరిగ్గా ఉంటుంది. అందుకే ఈ తికమక.

ఓమిక్ ఉంటే తాకగానే ఆగుతుంది కాబట్టి కుంగడం బాగా తగ్గుతుంది. స్విచ్ మాత్రమే ఉంటే వేగం తగ్గించడం, హెడ్ బరువును కొంత స్ప్రింగ్‌తో మోయించడం, స్లాట్లు దగ్గర దగ్గరగా పెట్టుకోవడం దారులు.

స్విచ్ ఆఫ్‌సెట్‌ని కూడా ఒకసారి సరిచూసుకోండి. టార్చ్ ప్లేటును తాకిన క్షణానికీ స్విచ్ పనిచేసిన క్షణానికీ మధ్య జెడ్ (టార్చ్‌ని పైకీ కిందికీ జరిపే అక్షం) కొంత దూరం దిగుతుంది, ఆ దూరమే ఆఫ్‌సెట్. దాన్ని మందం ప్లేటు మీదే కొలవాలి. టార్చ్ కింద ఒక కాగితం ముక్క ఉంచి ప్రోబ్ చేయించండి. స్విచ్ పడిన చోటి నుంచి జెడ్‌ని 0.05 మి.మీ. చొప్పున పైకి జరుపుతూ కాగితాన్ని లాగుతూ ఉండండి. కాగితం వదులైన చోటు వరకు లేచిన దూరమే మీ ఆఫ్‌సెట్. దీన్ని పల్చటి షీట్ మీద కొలిస్తే తప్పును లెక్కలోకి ఎక్కించినట్టే.

మూల దగ్గరకు రాగానే టార్చ్ కిందికి గుచ్చుకుంటోంది. టీహెచ్‌సీ పాడైందా?

లేదు. అందరూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

మూల తిరగాలంటే యంత్రం వేగం తగ్గించాలి. గ్యాంట్రీ (టార్చ్‌ని మోసుకుని కదిలే అడ్డ దూలం) బరువుగా ఉండి యాక్సిలరేషన్ తక్కువైతే చాలా ముందు నుంచే తగ్గిస్తుంది. వేగం తగ్గినప్పుడు ఆర్క్ ఒకేచోట ఎక్కువసేపు ఉండి కర్ఫ్‌ని (కోత చీలికను) వెడల్పు చేస్తుంది. ఆర్క్‌కి ప్లేటు అంచు దూరమవుతుంది, అది సాగుతుంది, వోల్టేజ్ పెరుగుతుంది. టీహెచ్‌సీ దాన్ని టార్చ్ పైకి లేచినట్టుగా తీసుకుని దించేస్తుంది. మూల దాటి వేగం పుంజుకున్నాక మళ్లీ ఎత్తుతుంది. అప్పటికే షీల్డ్ గీసుకుపోయి ఉంటుంది.

మందు ఏమిటంటే, వేగం తగ్గినప్పుడు టీహెచ్‌సీని నిద్రపుచ్చడం. కంట్రోలర్‌నిబట్టి దీనికి కార్నర్ లాక్, యాంటీ డైవ్, వెలాసిటీ లాక్ అని పేర్లుంటాయి. అసలు వేగం ప్రోగ్రాములో ఇచ్చిన దానిలో ఇంత శాతం కన్నా కిందికి పడితే ఎత్తును ఉన్నచోటే పట్టి ఉంచు అని దానికి చెప్పాలి. 90 శాతంతో మొదలుపెట్టి చూడండి.

ఇక్కడో తిరకాసు. 90 అని పెట్టాక, మీ ముక్కల్లో చిన్న చిన్న వంకలు ఎక్కువగా ఉండి యంత్రం అసలు 90 శాతం వేగాన్నే అందుకోకపోతే, టీహెచ్‌సీ మొత్తం కోతలో ఒక్కసారి కూడా మేలుకోదు. “టీహెచ్‌సీ ఆన్‌లోనే ఉంది, ఏమీ చేయడం లేదు” అనేవాళ్లలో చాలామందిది ఇదే కథ. శాతం తగ్గించే ముందు యాక్సిలరేషన్ పెంచగలరేమో చూడండి. ప్లాస్మాకు బలమైన యాక్సిలరేషన్ ఎంత అవసరమో యంత్రం కొనేటప్పుడు ఎవరూ అడగరు, గరిష్ఠ వేగం అంకె ఒక్కటే చూస్తారు. మూల దగ్గర గుండ్రటి లూపు పెట్టి బయటి స్క్రాప్ వైపు తిరిగి రావడం ఇంకో పద్ధతి. లోహం కొంచెం వృథా అయినా మూల పదునుగా వస్తుంది.

చిన్న రంధ్రాలు కోసేటప్పుడు, పాత కోత గీతను దాటేటప్పుడు కూడా దిగుతోంది?

కారణం పైదే, రూపం వేరు. రంధ్రాలను మామూలు వేగంలో సుమారు 60 శాతంతో కోస్తాం కాబట్టి వోల్టేజ్ ఎక్కువే ఉంటుంది. 30 మి.మీ. లోపు రంధ్రాలకు టీహెచ్‌సీ ఆపేసి, ప్రోబింగ్ ఇచ్చిన ఎత్తునే నమ్ముకోండి. చాలా క్యామ్ సాఫ్ట్‌వేర్లలో (డ్రాయింగును కోత ప్రోగ్రాముగా మార్చేవాటిలో) రంధ్రాలకు విడిగా రూల్ పెట్టుకోవచ్చు.

పాత గీత దాటేటప్పుడు ఒక్క క్షణం ఆర్క్ కింద లోహం ఉండదు. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగురుతుంది. అలా అకస్మాత్తుగా ఎగిరినప్పుడు పట్టించుకోవద్దని చెప్పే సెట్టింగు ఉంటుంది, వాయిడ్ లాక్ అనో కర్ఫ్ డిటెక్ట్ అనో. అది లేకపోతే లీడ్-అవుట్ (కోత చివర బయటికి వెళ్లే గీత) చిన్నది చేయండి, కోత ముగియడానికి కొంచెం ముందే టీహెచ్‌సీ ఆగేలా ప్రోగ్రాములో పెట్టండి.

కోత మొదలవగానే టార్చ్ పైకి పైకి పోయి ఆర్క్ ఆరిపోతోంది. ఎందుకు?

చూపిస్తున్న వోల్టేజ్, మీరు పెట్టిన వోల్టేజ్ కంటే తక్కువగా ఉంది. అది అందుకోవడానికి ఎక్కుతూనే ఉంది.

మొదట డివైడర్ నిష్పత్తి చూడండి. ప్లాస్మా లోపలి ఆర్క్ వోల్టేజ్‌ని నేరుగా కంట్రోలర్‌కి ఇవ్వరు, చిన్నది చేసి ఇస్తారు. 50కి 1 అనేది బాగా కనిపించే నిష్పత్తి. 20కి 1 లాంటివీ ఉంటాయి. ప్లాస్మా 50కి 1 ఇస్తుంటే కంట్రోలర్‌లో 20కి 1 అని ఉందనుకోండి. అసలు 120 వోల్టులుంటే స్క్రీన్ మీద 48 కనిపిస్తుంది. టార్చ్ ఆకాశానికి ఎక్కక ఏం చేస్తుంది? అదే తలకిందులైతే 300 కనిపిస్తుంది, టార్చ్ ప్లేటులోకి దూరుతుంది. కొత్తగా బిగించిన టీహెచ్‌సీ అయితే ముందు అనుమానించాల్సింది దీన్నే. సిగ్నల్ వైరు తెగినా, ప్లస్ మైనస్ తారుమారైనా ఎక్కుడే.

పాత సెటప్‌లో కొత్తగా మొదలైతే, ఎవరో ఆంప్స్ మార్చో ప్లేటు మందం మార్చో వోల్టేజ్ మార్చడం మరిచిపోయారేమో చూడండి. స్టెయిన్‌లెస్, అల్యూమినియం, మైల్డ్ స్టీల్ మూడింటికీ చార్ట్‌లో వోల్టేజ్‌లు వేరు.

చార్ట్‌లో ఉన్న వోల్టేజ్ పెడితే ఎత్తు సరిపోవడం లేదు. చార్ట్ తప్పా?

చార్ట్ కొత్త కన్స్యూమబుల్స్‌తో, సరైన గాలి ఒత్తిడితో, సరైన వేగంలో తీసిన అంకె. మీ కేబుల్ పొడవు, మీ గాలి, మీ డివైడర్‌లో ఉన్న చిన్న తేడా అన్నీ కలిసి నాలుగైదు వోల్టులు అటూఇటూ తెస్తాయి. చార్ట్‌లో ఎత్తును నమ్మండి, వోల్టేజ్‌ని మొదటి అంచనాగా తీసుకోండి.

మీ అంకె కనుక్కోవడం సులువే. టీహెచ్‌సీ ఆపి, చదును ప్లేటు మీద సరైన కట్ ఎత్తులో, సరైన వేగంలో పొడవైన గీత కోయండి. మధ్య భాగంలో స్క్రీన్ మీద ఎంత కనిపిస్తుందో రాసుకోండి. అదే మీ వోల్టేజ్. కొన్ని కంట్రోలర్లు ప్రతి కోత మొదట్లో ఈ పని తామే చేస్తాయి: ప్రోబింగ్ ఇచ్చిన ఎత్తులో వోల్టేజ్ శాంపిల్ తీసుకుని, మిగతా కోతంతా దాన్నే పట్టుకుంటాయి. ప్రోబింగ్ నమ్మకంగా ఉంటే నేను ఈ పద్ధతికే ఓటేస్తాను. అరుగుదల గొడవ దీంతో చాలావరకు పోతుంది. శాంపిల్ తీసే క్షణానికి యంత్రం పూర్తి వేగం అందుకుని ఉండాలి, అదొక్కటే షరతు. లీడ్-ఇన్‌లో నెమ్మదిగా ఉన్నప్పుడే తీస్తే, ఎక్కువ వోల్టేజ్‌ని పట్టుకుని కోతంతా ఎత్తుగా నడుస్తుంది.

పొద్దున బాగా కోస్తుంది, సాయంత్రానికి షీల్డ్ ప్లేటుకు తగులుతోంది. ఏమీ మార్చలేదు!

మీరు మార్చలేదు, ఎలక్ట్రోడ్ మారింది. దాని మూతిలో ఉన్న హాఫ్నియం ముక్క ప్రతి ఫైరుకీ కొంచెం కొంచెం ఆవిరై గుంట పడుతుంది. ఆర్క్ ఆ గుంట అడుగు నుంచి మొదలవుతుంది కాబట్టి, టార్చ్ అదే ఎత్తులో ఉన్నా ఆర్క్ పొడవు పెరుగుతుంది. వోల్టేజ్ పెరుగుతుంది. టీహెచ్‌సీ 120నే పట్టుకోవాలని టార్చ్‌ని కొద్దికొద్దిగా దించుతూ పోతుంది.

స్థిరమైన వోల్టేజ్ వాడేవాళ్లు ఎలక్ట్రోడ్ అరిగేకొద్దీ సెట్ వోల్టేజ్‌ని ఒక్కో వోల్టు పెంచుకుంటూ రావాలి. చాలా ఎయిర్ ప్లాస్మా టార్చ్‌లకు గుంట లోతు 1.6 మి.మీ. దాటితే ఎలక్ట్రోడ్ మార్చేయాలి. ఇంకా వస్తుందిలే అని సాగదీస్తే ఎలక్ట్రోడ్‌తో పాటు నాజిల్, ఒక్కోసారి టార్చ్ కూడా పోతుంది. ఎలక్ట్రోడ్ మరీ తొందరగా అరుగుతుంటే గాలిలో తేమ ఉందేమో చూడండి. ప్రెషర్‌ని కూడా గాలి పారుతున్నప్పుడే చూడాలి. ఆగి ఉన్నప్పుడు గేజ్ చూపించే అంకెకు విలువ లేదు.

టార్చ్ కోతంతా పైకీ కిందికీ ఊగుతోంది, అంచు అలలు అలలుగా వస్తోంది.

టీహెచ్‌సీ అతిగా స్పందిస్తోంది. ఒక వోల్టు తేడాకే పరిగెత్తి, గీత దాటిపోయి, మళ్లీ వెనక్కి పరిగెడుతోంది. గెయిన్ (ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) లేదా జెడ్ వేగం తగ్గించండి, పట్టించుకోని హద్దును 2 వోల్టుల వరకు పెంచండి. ముందే అన్నట్టు అది 0.2 మి.మీ. మాత్రమే, కోతలో కనపడదు.

సెట్టింగులతో తగ్గకపోతే చెయ్యి పెట్టి చూడాల్సిందే. టార్చ్‌ని పట్టుకుని పైకీ కిందికీ కదపండి. టక్కుమని ఆడితే స్క్రూ నట్టులోనో కప్లింగ్‌లోనో లూజ్ ఉంది. ఒకసారి ఇలాంటి ఊగుడుకు రెండు రోజులు ప్రతి అంకె మార్చి చూశాం. చివరికి తేలింది జెడ్ మోటార్ కప్లింగ్‌లో ఒక గ్రబ్ స్క్రూ వదులైందని. అలెన్ కీతో అర నిమిషం పని! అప్పటి నుంచి కంప్యూటర్ ముందు కూర్చునేలోపు చేతికి అలెన్ కీ తీసుకోవడం అలవాటైంది.

స్టెప్పర్ మోటార్ ఉన్న జెడ్ పైకి ఎత్తేటప్పుడు స్టెప్పులు వదులుతుంటే ఇంకో రకం తప్పు కనిపిస్తుంది: జెడ్ కౌంటు చూపించే చోటు కంటే టార్చ్ రానురాను కిందికి జారుతుంది. అనుమానం ఉంటే జెడ్‌ని ఒక గుర్తు నుంచి 20 సార్లు ఎత్తి దించి, మళ్లీ అదే గుర్తుకు వచ్చిందో లేదో కొలవండి.

ఎర్త్ క్లాంప్‌కీ ఎత్తుకీ ఏం సంబంధం?

కొలిచే సర్క్యూట్‌లో ప్లేటు ఒక చివర. క్లాంప్‌ని టేబుల్ ఫ్రేముకు పట్టిస్తే, కరెంటు స్లాగ్ (కరిగి గడ్డకట్టిన లోహపు మడ్డి) పట్టిన స్లాట్ల గుండా వెతుక్కుంటూ వెళ్లాలి. ఆ అతుకుల్లో పడిపోయే వోల్టేజ్ కూడా ఆర్క్ వోల్టేజ్‌తో కలిసి కనిపిస్తుంది. పైగా టార్చ్ కదిలేకొద్దీ ఆ అతుకు మారుతుంటుంది, రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది. క్లాంప్‌ని నేరుగా కోసే ప్లేటుకే, గ్రైండర్‌తో శుభ్రం చేసిన చోట పట్టించండి. ఖర్చు లేని మరమ్మతు ఇది.

ఫైర్ అవగానే జెడ్ ఎగిరిపడుతోంది లేదా కంట్రోలర్ హ్యాంగ్ అవుతోంది.

ఇది ఎత్తు సమస్య కాదు, ఎలక్ట్రికల్ నాయిస్. హెచ్ఎఫ్ స్టార్ట్ (హై ఫ్రీక్వెన్సీ మెరుపుతో ఆర్క్ రాజేసే) ప్లాస్మాల్లో ఎక్కువ. బ్లోబ్యాక్ స్టార్ట్ (గాలి ఒత్తిడితో ఎలక్ట్రోడ్‌ని నాజిల్ నుంచి విడదీసి ఆర్క్ రాజేసే) యంత్రాల్లో బాగా తక్కువ. టార్చ్ కేబుల్‌ని మోటార్, సిగ్నల్ కేబుళ్లతో కలిపి ఒకే చైన్‌లో పోనివ్వకండి. మిగిలిన టార్చ్ కేబుల్‌ని గుండ్రంగా చుట్టి పెట్టకండి. సిగ్నల్‌కి షీల్డెడ్ కేబుల్ వాడి, ఆ షీల్డ్‌ని ఒక చివరే ఎర్త్ చేయండి. ఓమిక్ వైరు గుండా హెచ్ఎఫ్ నేరుగా కంట్రోలర్‌లోకి రాకుండా, ఫైరయ్యే ముందు దాన్ని రిలేతో వేరు చేయాలి.

ముక్కను చూసి ఎత్తు తప్పిందని చెప్పగలమా?

చెప్పగలం. టార్చ్ ఎత్తుగా ఉంటే కోత పైభాగం వెడల్పవుతుంది. ముక్క పై అంచు గుండ్రబడి, పైకన్నా కింద వెడల్పుగా వస్తుంది. పైన చిందులు కూడా ఉంటాయి. కిందుగా ఉంటే వాలు దీనికి ఎదురుగా ఉంటుంది: కింది భాగం లోపలికి కోసుకుపోతుంది.

తొందరపడి తీర్పు ఇవ్వొద్దు. ప్లాస్మా గాలి సుడి తిరుగుతుంది కాబట్టి కోతకు ఒక వైపు నిటారుగా, ఇంకో వైపు వాలుగా రావడం సహజం. మామూలు టార్చ్‌లో వెళ్లే దిశకు కుడివైపు మంచి వైపు. బయటి అంచును గడియారం ముల్లు దిశలో, రంధ్రాలను దానికి ఎదురు దిశలో కోసేది అందుకే. ముక్క నాలుగు వైపులా ఒకేలా వాలుంటే ఎత్తును అనుమానించండి. ఒక వైపు ఒకలా, ఎదుటి వైపు ఇంకోలా ఉంటే టార్చ్ నిటారుగా లేదు, లేదా నాజిల్ రంధ్రం గుండ్రదనం పోయింది. ముందు గుణియం పెట్టి టార్చ్‌ని చూడండి.

టీహెచ్‌సీ లేకుండా పని నడవదా?

మందం ప్లేటు, చిన్న ముక్కలు, చదునైన టేబుల్ అయితే ప్రతి పియర్స్‌కూ ప్రోబింగ్ ఉంటే చాలు. 3 మి.మీ. కంటే పల్చటి షీట్ వేడికి పొంగుతుంది, పొడవైన కోతలో టీహెచ్‌సీ లేకుండా కష్టమే. ప్రోబింగ్ లేకుండా టీహెచ్‌సీ ఒక్కటే ఉండటం మాత్రం తల లేని మొండెం.

ప్లాస్మా లోపల వోల్టేజ్‌ని మల్టీమీటర్‌తో చూసుకోవచ్చా?

వద్దు. ఆర్క్ లేనప్పుడు ఉండే వోల్టేజ్ 250 నుంచి 300 దాకా, ఇంకా పైకి కూడా ఉంటుంది. అది డీసీ, ప్రాణం తీస్తుంది. హెచ్ఎఫ్ ఉన్న యంత్రమైతే మీటరూ కాలిపోతుంది. డివైడర్ బయటికి ఇచ్చే చిన్న వోల్టేజ్ దగ్గర చూసుకోండి. కన్స్యూమబుల్స్ మార్చే ప్రతిసారీ ప్లాస్మా పవర్ ఆపాలి, ఎంత తొందరలో ఉన్నా సరే.

టార్చ్ లేచిన ముక్కకు గుద్దుకుంది. మళ్లీ మొదలుపెట్టే ముందు ఏం చూడాలి?

మ్యాగ్నెటిక్ బ్రేక్‌అవే (గుద్దుకుంటే టార్చ్‌ని విడిపోనిచ్చే అయస్కాంత హోల్డర్) ఉంటే అది పూర్తిగా తన గూట్లో కూర్చుందా, మధ్యలో చిన్న స్లాగ్ ముక్క ఇరుక్కుందా చూడండి. తర్వాత గుణియంతో రెండు వైపులా టార్చ్ నిటారు, షీల్డ్ బిగుతు, ఓమిక్ క్లిప్. గ్యాంట్రీ రెండు పక్కలా మోటార్లు ఉంటే ఒకటి స్టెప్పులు వదిలి గ్యాంట్రీ మెలిపడి ఉండొచ్చు, కాబట్టి మళ్లీ హోమ్ చేయండి (యంత్రాన్ని దాని సున్నా చోటుకు పంపండి).

అన్నీ చూశాను, తేలలేదు. ఎవరినైనా అడగాలంటే ఏం చెప్పాలి?

“టీహెచ్‌సీ పనిచేయడం లేదు” అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ప్లేటు లోహం, మందం, ఆంప్స్, వేగం, పియర్స్ ఎత్తు, కట్ ఎత్తు, పియర్స్ డిలే (రంధ్రం పడేదాకా ఆగే సమయం), టీహెచ్‌సీ మొదలయ్యే డిలే, సెట్ వోల్టేజ్, సూటి గీతలో కనిపించే వోల్టేజ్, మూలలో కనిపించే వోల్టేజ్ రాసి ఇవ్వండి. టీహెచ్‌సీ ఆన్ చేసి కోసిన ముక్క, ఆపి కోసిన ముక్క, రెండింటి అంచుల ఫొటోలు జతచేయండి. స్క్రీన్ మీద వోల్టేజ్, జెడ్ అంకె రెండూ కనిపించేలా ఒక కోతంతా ఫోన్‌లో వీడియో తీయండి. వోల్టేజ్ పెరిగిన క్షణంలో జెడ్ ఎటు కదిలిందో ఆ వీడియోను ఆపి ఆపి చూస్తుంటే, చాలాసార్లు ఎవరికీ పంపకముందే మీకే దొరికిపోతుంది.